మాట మీద నిలిచిన రేవు - మోటుపల్లి

శ్రీనాథుని హరవిలాసం పాఠం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ అవతారికలో ఒకచోట నేను కాస్సేపు ఆగుతాను. ఆ కావ్యాన్ని కవి అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చాడు. తిప్పయ సామాన్యుడు కాడు. కొండవీటి కుమారగిరి రెడ్డి ఏటేటా జరిపే వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన మహా వర్తకుడు. ఆ సెట్టిగారికి ఏ దేశంనుంచి ఏమేమి సరుకు వచ్చేదో శ్రీనాథుడు ఒక పద్యంలో వరసగా చెప్పాడు. సింహళంనుంచి ఏనుగులు, హురుమంజినుంచి గుర్రాలు, చీనానుంచి పట్టుబట్టలు. చదువుతూంటే కళ్ళముందు ఓడల బారు కదలి వస్తుంది.

ఒక ఏడు ఆ పద్యం చెబుతూండగా వెనక బెంచీలో ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. "ఇన్ని ఓడలు వచ్చినవి గదా సార్, అవన్నీ ఎక్కడ దిగినవి? ఆ ఊరు ఇప్పుడున్నదా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. సికింద్రాబాదు పిల్లలకు పెద్ద నీళ్ళంటే హుస్సేను సాగరమే గదా! నేను మాత్రం నవ్వలేదు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పడంకంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే ముఖ్యమనిపించింది.

"ఉందోయ్! ఇక్కడ రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి ఆ ప్రాంతానికి చేరుకుంటావు. రెడ్డిరాజుల కాలంలో ఆ సరుకు దిగిన రేవులలో పెద్దది అదే. దాని పేరు మోటుపల్లి" అన్నాను.

"అంత పెద్ద రేవైతే దాని పేరు మేమెందుకు వినలేదు సార్?" అన్నాడు వాడు. అప్పటికి గంట కొట్టారు. వాడికి ఆనాడు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

ఊరు - ఉనికి

విజయవాడనుంచి మద్రాసు వైపు పోయే రైలుమార్గంలో చీరాల, వేటపాలెం దాటిన తర్వాత చినగంజాం వస్తుంది. చినగంజాం అనగానే ఆ చుట్టుపట్ల వారికి గుర్తుకు వచ్చేది ఉప్పు. ఎండాకాలంలో రైలు కిటికీలోనుంచి చూస్తే ఉప్పు మళ్ళు అద్దం బిళ్ళల్లా మెరుస్తూ కనిపిస్తవి. అక్కడినుంచి సముద్రం వైపు పోతే మోటుపల్లి. ఇసుక నేల, తాటిచెట్లు, సరుగుడు తోపులు, వాటి వెనక బంగాళాఖాతం. ఒకనాడు ఇది గుంటూరు జిల్లాలోని ఊరు. 1970లో ప్రకాశం జిల్లాకు పోయింది. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. జిల్లాలు మారినా ఊరు కదలలేదు. కాని ఊరిముందు సముద్రం మాత్రం ఒకప్పటి సముద్రం కాదు.

మోటుపల్లి మహా రేవు అని వినగానే మనం విశాఖపట్నాన్ని ఊహించుకుంటాము. కొండలు రెండు చేతులు చాచి నీటిని కౌగిలించుకున్నట్టు ఉండే చోటు అక్కడ ఉన్నది. మోటుపల్లిలో అటువంటిది ఏమీ లేదు. కృష్ణ ముఖద్వారానికి దక్షిణంగా ఈ తీరమంతా గీత గీసినట్టు చదునుగా సాగిపోతుంది. గాలికి అడ్డం నిలిచే కొండ లేదు, అలలకు అడ్డం వచ్చే రాయి లేదు. ఒడ్డు దగ్గర నీళ్ళు లోతు తక్కువ. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. దూరాన లంగరు వేసుకుని నిలవవలసిందే. అక్కడినుంచి సరుకును చిన్న పడవలమీద, అలలు విరిగి పడే చోటు దాటించి, ఇసుక మీదికి చేర్చాలి. కోరమాండల్ తీరంలో ఇందుకని మేకులు కొట్టకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టి పడవలు చేసేవారు. అల వచ్చి కొట్టినప్పుడు మేకుల పడవ పగులుతుంది. కుట్టిన పడవ కాస్త వంగి, మళ్ళీ నిలుచుకుంటుంది. ఆ పడవలు నడిపేవారి నేర్పే ఆ తీరానికి రేవుకట్ట.

పైగా తుఫానులు. ఆశ్వయుజ కార్తీక మాసాలలో బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే అది ఏ ఒడ్డును తాకుతుందో చెప్పడం కష్టం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పదివేలకు పైగా జనం పోయారు. మన కాలంలో, రేడియో హెచ్చరికలు ఉన్న రోజుల్లో జరిగిన సంగతి అది. దిక్సూచీ నక్షత్రాలూ తప్ప వేరే దిక్కులేని రోజుల్లో తెరచాప ఓడల గతి ఏమై ఉంటుందో ఆలోచించండి!

కొండ లేదు, లోతు లేదు, నీడ లేదు. మరి దేశదేశాల ఓడలు ఇక్కడికి ఎందుకు వచ్చినవి? ఈ ప్రశ్నకు జవాబు ఆ ఊరి వీరభద్రస్వామి గుడిలో ఒక రాతి స్తంభం మీద ఉన్నది.

ఓరుగంటికి సముద్ర ద్వారం

ఆ స్తంభం దగ్గరికి పోయేముందు ఒకసారి ఓరుగల్లుకు పోవాలి. కాకతి గణపతిదేవుడు 1199లో సింహాసనం ఎక్కి, 1262 వరకు, అరవై యేళ్ళకు పైగా రాజ్యం చేశాడు. ఆయన రాజధాని సముద్రానికి నూట యాభై మైళ్ళకు పైగా దూరాన, రాతి నేలమధ్య ఉన్నది. కోట ఉన్నది, చెరువులు ఉన్నవి, పంటలు ఉన్నవి. లేనిది ఒక్క సముద్రం.

సముద్రంతో ఓరుగంటికేమి పని అంటారా? ఆ రోజుల్లో యుద్ధమంటే గుర్రం. మేలుజాతి గుర్రాలు మన దక్కనులో పుట్టవు. అరేబియా, పారశీక తీరాలనుంచి ఓడలమీద రావాలి. కర్పూరం, చందనం, పగడం, పట్టు, రాగి - గుడికీ కోటకూ కావలసిన వస్తువులలో సగం నీటిమీద వచ్చేవే. ఇక్కడి సన్నని బట్టలు, వజ్రాలు ఆవలి దేశాలకు పోవలసినవీ నీటిమీదనే. అందుకే గణపతిదేవుడు పట్టానికి వచ్చిన తొలిరోజులలోనే తీరం వైపు దృష్టి సారించాడు. వెలనాటి చోడుల బలం అణగిపోయింది. దివిసీమ నాయకులతో వియ్యం కుదిరింది. ఆ వంశంవాడైన జాయపసేనానికి తన చెల్లెళ్ళు నారాంబ, పేరాంబలను గణపతిదేవునికి ఇచ్చిన బంధుత్వం ఉన్నది. నృత్తరత్నావళి రాసిన జాయప ఈయనే. ఆ విధంగా కృష్ణకు ఇరువైపులా తీరం కాకతీయుల చేతికి వచ్చింది.

మోటుపల్లి అప్పటికే కొత్త ఊరు కాదు. శాసనాలలో దీనికి దేశ్యుయ్యకొండపట్టణమని మరొక పేరు కనిపిస్తుంది. ఆ పేరు పోకడలోనే అరవం వినిపిస్తున్నది గదా! చోళుల ప్రాబల్యం ఈ తీరాన నడిచిన రోజుల గుర్తు అది. రేవు పాతదే. గణపతిదేవుడు దానికి కొత్తగా ఇచ్చినది ఒక మాట.

అభయ శాసనం

1244లో ఆయన మోటుపల్లిలో నిలిపిన శాసనానికి చరిత్రలో అభయ శాసనమని పేరు. ఈ శతాబ్దానికి ముందు శతాబ్దపు తొలి రోజుల్లో హుల్ట్ష్ అనే జర్మను పండితుడు దానిని చదివి, పరిష్కరించి ప్రకటించాడు. కాకతీయుల వంశవర్ణన సంస్కృత శ్లోకాలలో సాగుతుంది. తర్వాత వచ్చేదే అసలు విషయం. దాని సారాంశం నా మాటలలో చెబుతాను.

వెనకటి రాజులు ఒక పని చేసేవారు. ఒక దేశంనుంచి మరొక దేశానికి పోతున్న ఓడ తుఫానులో చిక్కి, దెబ్బతిని, తమ ఒడ్డుకు కొట్టుకు వస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అంతా బలవంతంగా లాక్కునేవారు. సముద్రం కొట్టిన దెబ్బ చాలనట్టు ఒడ్డున రాజు కొట్టే దెబ్బ రెండవది! గణపతిదేవుడు ఈ పద్ధతి మాన్పించాడు. ధనం ప్రాణంకంటే ఎక్కువనుకుని సముద్రయానం అనే మహా సాహసానికి పూనుకున్న ఆ మనుషులమీద దయతోను, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ప్రకటించాడు. ఆ సుంకం ఎంత? ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయింట ఒక పాలు.

ఊరికే మాట ఇచ్చి ఊరుకోలేదు. ఏ సరుకుకు ఎంత అన్నది కూడా రాయించాడు. శ్రీగంధానికి తూకాన్ని బట్టి ఇంత, పట్టుకు కట్టకు ఇంత, పోకలకు లక్షకు ఇంత. దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు - దేనికి దానికి విడివిడిగా రేటు. ఈ పట్టికను బట్టి ఆనాటి ఓడలలో ఏముండేదో మనకు తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. రేటు రాతిమీద చెక్కించిన తర్వాత సుంకం వసూలుచేసే ఉద్యోగి ఇష్టాయిష్టాలకు చోటు ఉండదు. పన్ను ఎక్కువా తక్కువా అన్న బాధకంటే, రేపు ఎంత అడుగుతారో తెలియని బాధ వర్తకుడికి పెద్దది. ఆ బాధను తీసివేశాడు గణపతిదేవుడు.

అభయం అనే మాట తెలుగువాడికి కొత్త కాదు. గుళ్ళో దేవుడి కుడిచెయ్యి అభయహస్తం. ఆ మాటను గణపతిదేవుడు సుంకాల పట్టికకు తలకట్టుగా పెట్టాడు! ఏ ద్వీపంనుంచి, ఏ దేశంనుంచి, ఏ పట్టణంనుంచి వచ్చినవాడికైనా ఆ అభయం వర్తిస్తుంది. నీ కులమేమిటి, నీ దేవుడెవరు అన్న ప్రశ్న అందులో లేదు.

ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడను దోచుకోవడం మన దేశానికే ప్రత్యేకమైన పాపమని అనుకోవద్దు. ఐరోపాలోనూ తీరప్రాంతపు ప్రభువులు దానిని తమ హక్కుగానే భావించేవారు. 1220లో రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి రోములో పట్టాభిషిక్తుడైనప్పుడు చేసిన చట్టాలలో ఈ దోపిడీని నిషేధించవలసి వచ్చింది. ఇంగ్లండులో 1275లో ఒక చట్టం చేశారు: పగిలిన ఓడనుంచి ఒక మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణంతో బయటపడితే ఆ సరుకు దిక్కులేని సరుకు కాదట! కుక్కా పిల్లీ సాక్ష్యం కావలసిన ఆ చట్టానికి ముప్పయి ఒక్క ఏళ్ళ ముందే మోటుపల్లిలో దయ అన్న మాట రాతిమీదికి ఎక్కింది.

వెనిస్ వర్తకుని మాట

ఈ మాట ఎంత దూరం పాకిందో చెప్పడానికి ఒక ఇటలీ దేశస్థుడు సాక్షి. ఆయన మార్కోపోలో, వెనిస్ నగరవాసి. చీనా చక్రవర్తి కొలువులో పదిహేడేళ్ళు గడిపి, 1290ల ఆరంభంలో సముద్రమార్గాన తిరుగుప్రయాణం కట్టి, 1295లో వెనిస్ చేరాడు. తర్వాత జెనోవావారితో జరిగిన పోరులో పట్టుబడి, 1298లో జైలులో ఉండగా, పీసా నగరానికి చెందిన రుస్తికెల్లో అనే తోటి ఖైదీకి తన యాత్రను చెప్పి రాయించాడు. ఆ గ్రంథంలో ముత్ఫిలి అనే రాజ్యం ఒకటి వస్తుంది. అది మన మోటుపల్లే. రేవు పేరే రాజ్యం పేరయింది! ఓడలవాళ్ళకు ఓరుగల్లు తెలియదు. వాళ్ళకు తెలిసినది తమ లంగరు పడే చోటు.

ఆ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతున్నదని, ఆమె మహా వివేకవతి అని, న్యాయమంటే ఆమెకు ప్రాణమని, ప్రజలు ఆమెను ఎంతగానో ప్రేమించారని పోలో చెప్పాడు. ఆమె మన రుద్రమదేవి. ఆమె పోయిన రాజుకు భార్య అని అతను పొరబడ్డాడు. నిజానికి ఆమె గణపతిదేవుని కూతురు. పైగా చందుపట్ల శాసనాన్ని బట్టి రుద్రమ 1289లోనే కన్నుమూసింది. పోలో ఈ సముద్రం మీదుగా పోయేనాటికి ఆమె లేదు. ఆమె కీర్తి ఉన్నది. ఆయన మోటుపల్లిలో దిగి చూశాడా, తోటి నావికులు చెప్పగా విన్నాడా అన్న విషయంలో పండితులది ఒక మాట కాదు. విన్నాడనే అనుకున్నా, ఓడలవాళ్ళ నోట ఒక తెలుగు రాణి న్యాయం గురించిన మాట నిలిచి ఉండడం చిన్న సంగతి కాదు.

ఇక వజ్రాల కథ ఉన్నది. ఎత్తయిన కొండల నడుమ మనిషి దిగలేని లోయలు, లోయలనిండా విషసర్పాలు, అడుగున వజ్రాలు. మనుషులు పైనుంచి మాంసపు ముక్కలు విసురుతారట. వజ్రాలు వాటికి అంటుకుంటవి. డేగలు ఆ మాంసాన్ని తన్నుకుపోతే, వెంటబడి కేకలు వేసి వాటిని బెదరగొట్టి వజ్రాలు ఏరుకుంటారట. ఈ కథ సింద్‌బాద్ నావికుడి కథలోనూ ఉన్నది. ఓడలమీద ప్రయాణం చేసే కథలకు సుంకం లేదు గదా! కాని అదే చోట పోలో మరొక సంగతి చెప్పాడు. వానలు కురిసి, కొండవాగులు పొంగి తీసిన తర్వాత ఆ వాగుల ఇసుకలో జనం వజ్రాలు వెదుకుతారని. అది కల్పన కాదు. నేటికీ తొలకరి వాన పడగానే వజ్రకరూరు, జొన్నగిరి చేలలో పిల్లాపాపలతో సహా జనం తల వంచుకుని నేల వెదుకుతూ తిరుగుతారు.

బట్టల సంగతీ రాశాడు. సాలెగూడులా కనిపించే అంత సన్నని బట్టలు ఇక్కడ నేస్తారని, వాటిని కట్టుకోవడానికి ఇష్టపడని రాజూ రాణీ లోకంలో ఉండరని అన్నాడు. నేడు చీరాల, వేటపాలెం వీథులలో మగ్గం చప్పుడు వింటూ నడిచేవారికి ఆ మాట జ్ఞాపకం వస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

రెండవసారి రాసిన మాట

1323లో ఓరుగల్లు పడిపోయింది. మాట ఇచ్చిన వంశమే పోయిన తర్వాత ఆ మాటకు విలువ ఏముంటుంది? తీరంలో కొంతకాలం ఎవరిది ఏ ఊరో తెలియని పరిస్థితి. తర్వాత అద్దంకి రాజధానిగా ప్రోలయ వేమారెడ్డి రాజ్యం నిలబెట్టాడు. ఆయన తమ్ముడు మల్లారెడ్డి మోటుపల్లి రేవును సాధించాడని చరిత్రకారులు చెబుతారు. వేమారెడ్డి కొడుకు అనవోతారెడ్డి కొండవీటికి రాజధాని మార్చాడు. ఆయన కాలంలో, 1358లో, మోటుపల్లిలో మరొక శాసనం వెలిసింది.

ఈసారి అది సంస్కృతంలోను, తెలుగులోను, అరవంలోను ఉన్నది. చదవవలసిన వర్తకుడికి అర్థమయ్యే భాషలో మాట ఇవ్వాలన్న ఇంగితం చూడండి! గణపతిదేవుని అభయానికి అనవోతారెడ్డి కొన్ని కొత్త మాటలు చేర్చాడు. ఇక్కడికి వచ్చి కాపురముండదలచిన వర్తకులను గౌరవిస్తాము, భూమి ఇస్తాము. వెళ్ళిపోతామంటే ఆపము. సరుకును తమకు నచ్చినవారికి అమ్ముకోవచ్చు. చందనంమీద సుంకం తగ్గిస్తాము. అపుత్రిక దండం తీసుకోము.

ఆ చివరి మాట దగ్గర ఆగాలి. కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తి రాజుకు చెందడం అపుత్రికం. ఊరికి దూరంగా, భాష తెలియని ఒడ్డున, జ్వరం తగిలి పడుకున్న వర్తకుడి మనసులో ఏముంటుంది? తాను పోతే ఈ సరుకు ఎవరిపాలవుతుంది, ఇంటిదగ్గర ఆడవాళ్ళ గతి ఏమిటి అన్న దిగులే గదా! ఆ దిగులు తీర్చినవాడు రాజ్యపాలన తెలిసినవాడు. గణపతిదేవుడు ఓడ పగిలినవాడికి అభయమిస్తే, అనవోతారెడ్డి ప్రాణం పోయినవాడి ఇంటివారికి కూడా అభయమిచ్చాడు. శ్రీనాథుని పద్యంలోని ఏనుగులూ గుర్రాలూ పట్టుబట్టలూ ఈ మాట వెంటనే నడిచి వచ్చినవి.

ఇసుక

తర్వాత ఏమైంది? కొండవీటి రాజ్యం పదిహేనవ శతాబ్దం మొదటి పాతికేళ్ళలో అంతరించింది. విజయనగరం, కళింగ గజపతులు ఈ తీరం కోసం పెనుగులాడారు. మోటుపల్లికి మూడవసారి అటువంటి మాట ఇచ్చిన ప్రభువు కనిపించడు. ఉత్తరాన కృష్ణ అవతలి మచిలీపట్నం పెరిగింది. గోలకొండ సుల్తానుల కాలానికి అదే తెలుగు దేశపు మహా రేవు. 1611లో ఇంగ్లీషువారి ఓడ వచ్చి నిలిచినది అక్కడే.

ప్రకృతి కూడా తన పని తాను చేసింది. కృష్ణ తెచ్చే ఒండ్రు, ఇసుక సముద్రంలో కలిసి, ప్రవాహాలు తోయగా తీరం వెంట పరుచుకుంటుంది. ఈ డెల్టా ప్రాంతంలో ఒకదాని వెనక ఒకటిగా ఉండే ఇసుక దిబ్బల వరసలు పాత ఒడ్డు గుర్తులని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే సముద్రం ఒక్కొక్క అడుగే వెనక్కి నడిచిందన్నమాట. రేవు పోయింది, పేరు మిగిలింది. చీరాల దగ్గర వాడరేవు అనే బెస్తపల్లె ఉన్నది. వాడ అంటే పాత తెలుగులో ఓడే. ఆ పల్లె పేరు పలికే ప్రతిసారీ ఆ తీరంలో ఒక ఓడ వచ్చి నిలుస్తుంది.

ఇటలీలో ఒక చిన్న ఊరు

ఇటువంటి కథే ఇటలీలోనూ ఉన్నది. నేపుల్సుకు దక్షిణంగా, నిట్టనిలువు కొండల పాదాల దగ్గర అమాల్ఫీ అనే చిన్న ఊరు. దున్నడానికి నేల లేదు కనుక అక్కడివారు సముద్రాన్ని దున్నారు. పది, పదకొండు శతాబ్దాలలో అది వెనిస్, పీసా, జెనోవాలతో సమంగా పేరు పొందిన సముద్ర గణరాజ్యం. ఓడ యజమానికి, నావికుడికి, సరుకువాడికి మధ్య న్యాయం చెప్పే అమాల్ఫీ ధర్మశాసనం మధ్యధరా సముద్రంలో శతాబ్దాలపాటు గౌరవం పొందింది. వారూ మాట మీదనే బతికారు. 1135లోను, 1137లోను పీసావారు ఆ ఊరిని కొల్లగొట్టారు. 1343 నవంబరులో పెద్ద తుఫాను వచ్చి ఊరి దిగువ భాగాన్ని, రేవును మింగింది. ఆ సమయంలో నేపుల్సులో ఉన్న పెట్రార్కు మహాకవి ఆ తుఫాను భీభత్సాన్ని ఒక ఉత్తరంలో వర్ణించాడు.

నేడు అమాల్ఫీ జనాభా సుమారు ఐదువేలు. మన లెక్కలో అది ఒక పెద్ద పల్లె. కాని అక్కడ పాత ఓడల కార్ఖానాలో మిగిలిన భాగాన్ని కాపాడి ప్రదర్శనశాల చేశారు. 1950లనుంచి ఆ నాలుగు పాత గణరాజ్యాల పడవలూ ఏటా పందెం వేస్తవి; నాలుగేళ్ళకొకసారి ఆ పందెం అమాల్ఫీలో జరుగుతుంది. 1997లో ఆ తీరమంతా ప్రపంచ వారసత్వ స్థలాలలో చేరింది. రేవు పోయినా జ్ఞాపకం పోలేదు. ఏ దేశంవాడు వచ్చినా ఆ ఊరి పసివాడు తమ ఊరి చరిత్ర నాలుగు మాటలలో చెప్పగలడు.

మోటుపల్లికి ఏమి తక్కువ? వీరభద్రుడి గుడి ఉన్నది, కోదండరాముడి గుడి ఉన్నది, లోకమంతా చదవదగిన శాసనం ఉన్నది, వెనిస్ యాత్రికుడి సాక్ష్యం ఉన్నది. తక్కువైనది మన జ్ఞాపకమే. తెలంగాణా వారికి అది ఎక్కడో ఆంధ్ర తీరంలోని పల్లె. తీరంవారికి అది ఓరుగంటి రాజుల కథ. ఇద్దరి మధ్యా ఆ ఊరు ఎవరిదీ కాకుండా పోయింది. నిజానికి అది ఇద్దరిదీ.

ఆ కుర్రవాడికి జవాబు

మర్నాడు క్లాసులో ఆ కుర్రవాడిని లేపి అడిగాను: "హుస్సేను సాగరం నిండితే నీళ్ళు ఎక్కడికి పోతవి?"

"మూసీలోకి సార్."

"మూసీ?"

"వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది."

"కృష్ణ?"

కాస్సేపు ఆలోచించి, "హంసలదీవి దగ్గర సముద్రంలో..." అని ఆగాడు. వాడి ముఖం చూస్తే నేనింకేమీ చెప్పనక్కరలేదనిపించింది. మన వీథిలో పడిన వాన కూడా చివరికి చేరేది మోటుపల్లి ముందున్న ఆ సముద్రానికే. ఆ తోవనే ఓరుగంటి రాజు మాట కూడా ఒకనాడు సముద్రానికి చేరింది.

అంత పెద్ద రేవు పేరు ఎందుకు వినలేదని వాడు అడిగాడు గదా. రేవులు రెండు విధాలు. కొన్నిటిని ప్రకృతి కడుతుంది; అవి ఎవరు ఏలినా ఉంటవి. కొన్నిటిని మాట కడుతుంది; ఆ మాట నిలిపేవారు ఉన్నంతకాలమే ఉంటవి. మోటుపల్లి రెండవ జాతిది. 1244లో ఒకరు మాట ఇచ్చారు. 1358లో మరొకరు ఆ మాటను తిరగరాశారు. ఆ తర్వాత తిరగరాసేవారు లేకపోయేసరికి ఇసుక వచ్చి కప్పింది.

ఈసారి చెన్నపట్నం పోయే రైలులో చినగంజాం దాటుతున్నప్పుడు తూర్పు వైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఉప్పు మళ్ళ అవతల తాటిచెట్ల వరస కనిపిస్తుంది. అక్కడ ఓడలేమీ కనపడవు. కాని ఆ చెట్ల వెనక ఎక్కడో ఒక రాతి స్తంభం నిలిచి ఉన్నదని, తుఫానులో సర్వస్వం పోగొట్టుకుని ఒడ్డుకు చేరిన మనిషిని దోచుకోకూడదని దానిమీద రాసి ఉన్నదని, పక్కన కూర్చున్న పిల్లవాడికి చెప్పండి. మోటుపల్లికి మూడవసారి మాట ఇచ్చినవారు మీరే అవుతారు.